బూజు గురించి ఒళ్లేమంటుంది?

రక్త పరీక్ష రాశారంటే మనకు కావలసింది ఒక్కటే మాట. ఉందా, లేదా? మలేరియా అనుమానంతో రక్తం ఇస్తే పురుగు కనపడిందో లేదో చెప్తారు. షుగరుకి ఇస్తే ఒక అంకె చెప్తారు, ఆ అంకె ఎక్కడ దాటకూడదో ఇంట్లో అమ్మమ్మక్కూడా తెలుసు. ఫంగస్ యాంటీబాడీల పరీక్ష ఈ రెండు తరహాల్లోనూ ఇమడదు. అది ఫంగస్ కోసం వెతకదు. మన ఒళ్లు ఆ ఫంగస్‌తో తలపడిందా, తలపడితే ఎంత గట్టిగా అని మాత్రమే అడుగుతుంది. ఊళ్లోకి దొంగ వచ్చాడో లేదో చూడకుండా, రాత్రి కుక్కలు మొరిగాయా అని వాకబు చేయడం లాంటిదన్నమాట. మొరిగాయంటే ఎవరో వచ్చారు. వచ్చినవాడు దొంగో, ఆఖరి బస్సు దిగి నడిచొచ్చిన చుట్టమో ఆ మొరుగుడుని బట్టి తేలదు.

ఈ సంగతి రక్తం ఇచ్చే ముందే ఎవరైనా చెప్తే రిపోర్టు చేతికొచ్చిన రోజు సగం కంగారు తప్పుతుంది. చెప్పేవాళ్లు తక్కువ. మా ఇంట్లో ఈ పరీక్ష అవసరం పడింది కాబట్టి, నేను అడిగి తెలుసుకున్నదీ చదివి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా చేశాడు. వయసులో ఉండగా టీబీ వచ్చింది. ఆర్నెల్లు మాత్రలు మింగి, మొండిగా నయం చేసుకున్నాడు. జబ్బు పోయింది కానీ ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో ఒక గుంత మిగిలిపోయింది. దానివల్ల ఏమీ కాదన్నారు, ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కూడా. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. చొక్కాలు వదులయ్యాయి. ఓ తెల్లవారుజామున కళ్లెలో నెత్తురు పడింది. ఇంటిల్లిపాదీ అనుకున్నది ఒకటే, టీబీ తిరగబెట్టిందని. చూపించిన ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి వాళ్లూ అదే అన్నారు. కళ్లె పరీక్షలో క్రిమి లేదు. క్రిమి జన్యువుల్ని వెతికే సీబీనాట్ పరీక్షలోనూ లేదు. అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. నెత్తురు పడటం మాత్రం ఆగలేదు.

మందులు మారాయి, ఊరు మారింది. చివరికి ఒక ఊపిరితిత్తుల డాక్టరు సీటీ ఫిల్మును వెలుగుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. గుంత లోపల ఒక ఉండ ఉంది. ఉండకూ గుంత గోడకూ మధ్య పైవైపున నెలవంకలా గాలి కనపడుతోంది. బాబాయిని బోర్లా పడుకోబెట్టి మళ్లీ ఒక సీటీ తీయించారు. ఉండ కదిలింది. అంటే అది గోడకు పుట్టిన కంతి కాదు, లోపల విడిగా దొర్లుతున్న బూజు ముద్ద. ఆ బూజు మీద తయారయ్యే ఒక రకం యాంటీబాడీ కోసం ‘ఆస్పర్జిల్లస్ ఐజీజీ’ అని చీటీ మీద రాసి, ‘దీనికి రక్తం ఇవ్వండి, అది కూడా వస్తే నాకు సందేహం ఉండదు’ అన్నారు.

ఆస్పర్జిల్లస్ అన్నది ఎక్కడినుంచో ఊడిపడే వింత క్రిమి కాదు. తడిసిన గడ్డివాము, పెంటకుప్ప, చెమ్మ పట్టిన ధాన్యం, వానాకాలం గోడ, కూలరు లోపలి గడ్డి, అన్నిట్లో ఉంటుంది. దాని బీజాలు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే, కంటికి ఆనవు. మనిషన్నవాడు రోజూ వందల కొద్దీ పీలుస్తాడు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. పాత టీబీ వదిలి వెళ్లిన గుంతలో మాత్రం ఊడ్చేవాళ్లు ఉండరు. రక్తప్రసరణ సరిగా అందని ఆ ఖాళీలో బీజం పడితే మొలుస్తుంది, ఏళ్ల మీద పేరుకుంటుంది. గోడలోని రక్తనాళాలు ఒరుసుకుపోతే కళ్లెలో నెత్తురు వస్తుంది. దగ్గు, నీరసం, బరువు తగ్గడం, నెత్తురు: లక్షణాలన్నీ టీబీవే. ఎక్స్‌రే కూడా టీబీ ఎక్స్‌రేలాగే ఉంటుంది. అక్కడే మోసం జరుగుతుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1960లలో బ్రిటన్‌లో టీబీ డాక్టర్ల సంఘం ఒక పని చేసింది. టీబీ తగ్గి, ఊపిరితిత్తిలో 2.5 సెంటీమీటర్లో అంతకు మించో గుంత మిగిలిన 544 మందిని ఎంచుకుని అందరికీ ఈ యాంటీబాడీల పరీక్ష చేసింది. నూటికి 25 మందిలో యాంటీబాడీలు కనపడ్డాయి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే అది 34 శాతం అయింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన ఒక అంచనా ప్రకారం టీబీ తర్వాత ఇలా ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ పట్టి పీడిస్తున్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద 12 లక్షలకు దగ్గర. ఏటా పాతిక లక్షల మందికి పైగా టీబీ బారిన పడే మన దేశంలో వీళ్లెంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు. అలాంటి దేశంలో ఈ పరీక్ష పేరు జిల్లా కేంద్రాల్లో చాలామంది విననైనా వినకపోవడం నాకు మింగుడు పడని విషయం.

రక్తం ఇవ్వడం విషయానికొస్తే, భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. పరగడుపున వెళ్లనక్కర్లేదు. టిఫిన్ తిని, మంచినీళ్లు బాగా తాగి వెళ్తే నరం తేలిగ్గా దొరుకుతుంది. రోజూ వేసుకునే మందులు డాక్టరు వద్దంటే తప్ప ఆపక్కర్లేదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ మాట మాత్రం ముందే చెప్పాలి. స్టెరాయిడ్లు వాడుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, యాంటీబాడీలు తయారు కావడం మీద వాటి ప్రభావం ఉండొచ్చు.

‘నోట్లోంచి పోతున్నది చాలదా, ఇంకా తీయాలా?’ అన్నాడు బాబాయి ల్యాబు కుర్చీలో కూర్చుని. నెత్తురు కక్కిన మనిషికి ఆ భయం న్యాయమైనదే. ఆ పని చేసే అమ్మాయి చిన్నపిల్ల, కానీ ఓర్పున్న పిల్ల. ఖాళీ ట్యూబు ఆయన చేతిలోనే పెట్టి చూపించింది. ‘ఇదిగో బాబాయ్ గారూ, ఈ గీత దాకానే. ఒక చెంచాడు’ అంది. మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, పిడికిలి మూయమని, వేలి కొసతో నరం తడిమి చూసి, స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరేదాకా ఆగింది. ఆరకుండా గుచ్చితే మంటపుడుతుంది, చాలాచోట్ల ఆ క్షణం ఓపిక పట్టరు. సూది దిగాక చురుక్కుమన్నది అర నిమిషం లోపే. పట్టీ వదిలి, సూది తీసి, దూది పెట్టి గట్టిగా అదిమి పట్టుకోమంది. మనందరికీ మోచెయ్యి మడిచేసే అలవాటు. మడవొద్దు, చెయ్యి చాచి రెండు మూడు నిమిషాలు వేలితో నొక్కితేనే కింద నెత్తురు గూడు కట్టదు, కమిలిన మచ్చ పడదు. సూది చూస్తే కళ్లు తిరిగేవాళ్లు సిగ్గుపడకుండా పడుకోబెట్టి తీయమని అడగాలి.

ఆ తర్వాత జరిగేది మనం చూడం, కానీ తెలుసుకోదగ్గది. పసుపు మూత ట్యూబులో అడుగున జిగురులాంటి పదార్థం ఉంటుంది. రక్తాన్ని అరగంట కదపకుండా ఉంచితే గడ్డ కడుతుంది. అప్పుడు గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. బయటికి తీసేసరికి ఎర్ర కణాలు అడుగుకి దిగి, జిగురు మధ్యలో అడ్డుకట్టలా నిలబడి, పైన లేత గడ్డి రంగులో తేటనీరు ఉంటుంది. దాన్నే సీరం అంటారు. యాంటీబాడీలు ఉండేది అందులోనే. ఆ అమ్మాయి మా కోసం ఆ ట్యూబు ఎత్తి చూపించింది. అంత మనిషి ఇన్నేళ్లుగా లోపల చేసిన పోరాటం లెక్క ఆ నాలుగు చుక్కల్లో ఉందంటే నాకు ఒళ్లు జలదరించింది. దాన్ని చల్లని డబ్బాలో పెట్టి పెద్ద ఊళ్లోని ల్యాబుకి పంపుతారు. ఈ పరీక్ష ప్రతి ఊళ్లో చేయరు కాబట్టి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. ఖర్చు వేలల్లో ఉంటుంది. ఈ రెండూ ముందే మనసులో పెట్టుకోవాలి.

పాతరోజుల్లో ఈ పరీక్షను కంటితోనే చూసేవారు. 1940ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త ఊఖ్టర్‌లోనీ ఒక అందమైన పద్ధతి కనిపెట్టాడు. పల్చటి పళ్లెంలో అగర్ పోసి గట్టిపడనిచ్చి, దానికి చిన్న చిన్న గుంటలు చేస్తారు. నడిమి గుంటలో బూజు నుంచి తీసిన సారం, చుట్టూ గుంటల్లో రోగుల సీరం పోస్తారు. రెండూ అగర్‌లో మెల్లగా ఒకదాని వైపు ఒకటి పాకుతాయి. రోగి సీరంలో ఆ బూజుకి సరిపడే యాంటీబాడీలు ఉంటే, రెండూ ఎదురుపడిన చోట ఒకటి రెండు రోజుల్లో సన్నటి తెల్లగీత తేలుతుంది. గీతలు ఎన్ని ఉంటే పోరాటం అంత పెద్దదని. లండన్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో జాక్ పెపీస్ అనే డాక్టరు 1950లలో ఆస్పర్జిల్లస్ జబ్బుల గురించి నేర్చుకున్నదాంట్లో కొంత ఇలాంటి గీతలు చూసే. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలొచ్చాయి. బూజు ప్రోటీన్లు అంటించిన చిన్న గిన్నెలో సీరం వేస్తే సరిపడే యాంటీబాడీలు అతుక్కుంటాయి, ఎంత అతుక్కుందో వెలుగును బట్టో రంగును బట్టో కొలిచి అంకె ఇస్తారు. గర్భ పరీక్ష పట్టీలాంటి దాని మీద అరగంట లోపే గీత చూపించే కిట్లు కూడా వచ్చాయి. యంత్రం లేని చిన్న ఆసుపత్రులకు కావలసింది అవే.

ఇక అంకె. మన బెంగ అంతా దాని చుట్టూనే. ఒకే మనిషి రక్తాన్ని రెండు రకాల పద్ధతుల్లో చూస్తే రెండు అంకెలు రావచ్చు, రెండూ సరైనవే కావచ్చు. ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో తయారీదారు చెప్పే గీత లీటరుకు 40 మిల్లీగ్రాములు. చండీగఢ్ పీజీఐ డాక్టర్లు మన దేశపు రోగుల మీద పరీక్షించి, ఇక్కడివాళ్లకు 27 దగ్గర గీత గీస్తే మేలని తేల్చారు. అంటే 33 వచ్చిన మనిషికి ఒక లెక్కన జబ్బు లేదు, ఇంకో లెక్కన ఉంది. అందుకే రిపోర్టులో పక్కన అచ్చు వేసిన ‘నార్మల్’ వరస చూసి నిట్టూర్చడమో గుండెలు బాదుకోవడమో రెండూ తొందరపాటే.

కుక్కలు మొరిగినా దొంగ లేని సందర్భాలు ఉన్నాయి. గడ్డి, ధాన్యం, పశువుల మధ్య బతికే రైతుల్లో ఏ జబ్బూ లేకపోయినా ఈ యాంటీబాడీలు కొంత ఎక్కువగా ఉండొచ్చు. రోజూ పీల్చేదానికి ఒళ్లు ఇచ్చే జవాబు అది, అంతకు మించి ఏమీ కాదు. దొంగ ఉన్నా కుక్కలు మొరగని సందర్భాలూ ఉన్నాయి. గుంతలో పెరుగుతున్నది వేరే జాతి ఆస్పర్జిల్లస్ అయితే, ఒక జాతి సారంతో చేసే పరీక్షకు అది చిక్కకపోవచ్చు. క్యాన్సర్ మందులతోనో అవయవ మార్పిడి తర్వాతో రోగనిరోధక శక్తి అడుగంటినవాళ్లలో యాంటీబాడీలు సరిగా తయారు కాకపోవచ్చు. అలాంటివాళ్లకు ఫంగస్ తాలూకు పదార్థాన్నే నేరుగా వెతికే గెలాక్టోమానన్ లాంటి పరీక్షలు కావాలి. 2021 వేసవిలో కోవిడ్ వెనకే వచ్చిన బ్లాక్ ఫంగస్ మనకింకా కళ్లముందే ఉంది. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి వరండాల నిండా ఆ రోగులే. ఆ జబ్బుని యాంటీబాడీల కోసం చూసి పట్టుకోలేదు. ముక్కులోంచి కణజాలం ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూశారు. ఫంగస్ అన్న మాట వినగానే ఆ వేసవి గుర్తొచ్చి గుండె జారిపోయేవాళ్లకు ఇది చెప్పాలి. ఇది ఆ జబ్బు కాదు, ఇది ఆ పరీక్షా కాదు.

ఉబ్బసం ఉన్నవాళ్లకు రాసేది ఇంకో రకం. అక్కడ బూజు ఊపిరితిత్తిని తినేయదు, ఒళ్లే దాన్ని చూసి మితిమీరి రెచ్చిపోతుంది. అప్పుడు చూసేది ఐజీఈ అనే యాంటీబాడీ. ఆస్పర్జిల్లస్ మీద ప్రత్యేకంగా ఉన్న ఐజీఈ 0.35 దాటిందా, మొత్తం ఐజీఈ ఎంతుందీ, రెండూ కలిపి చూస్తారు. మొత్తం ఐజీఈ 1,000 దాటితేనే ఈ జబ్బు అనేవారు, 2024లో సవరించిన మార్గదర్శకాల్లో దాన్ని 500కి దించారు. చర్మం మీద గుచ్చి చేసే అలర్జీ పరీక్షకు అలర్జీ మాత్రలు మానేయాలి, రక్తంలో చూసేదానికి మానక్కర్లేదు. వైద్యం మొదలయ్యాక ఈ అంకె దిగుతుంది కానీ చాలామందిలో మామూలు స్థాయికి రాదు. ఎక్కడ నిలబడిందో అదే ఆ మనిషికి కొత్త కొలబద్ద. ‘ఇంకా 700 ఉందే’ అని బెంగపడేవాళ్లు 4,000 నుంచి దిగిందన్న సంగతి మర్చిపోతారు.

అమెరికాలో అరిజోనాలో ఉండే మనవాళ్లకు యాంటీబాడీల పరీక్ష ఇంత అపరిచితం కాదు. అక్కడి ఎడారి మట్టిలో ఉండే కోక్సిడియాయిడిస్ అనే ఫంగస్ వల్ల ‘వ్యాలీ ఫీవర్’ వస్తుంది. దుమ్ము రేగిన కొన్ని వారాలకు జ్వరం, దగ్గు, కీళ్ల నొప్పులు. ఫీనిక్స్ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్న తెలుగు కుటుంబాల్లో ఈ పేరు తెలియనివాళ్లు తక్కువ. చార్లెస్ స్మిత్ అనే డాక్టరు 1956 నాటికే 39,500 రక్త పరీక్షలు పోల్చి చూసి, యాంటీబాడీల మోతాదు పెరుగుతూ పోతే జబ్బు ఊపిరితిత్తులు దాటి పాకుతోందని గుర్తుపట్టాడు. మనవలను చూడటానికి వెళ్లి ఆర్నెల్లుండి వచ్చిన అమ్మానాన్నలకు ఇక్కడ దగ్గు వదలకపోతే, అరిజోనా వెళ్లొచ్చామన్న మాట డాక్టరుకి చెప్పాలి. చెప్పకపోతే ఎక్స్‌రేలో మచ్చ చూసి ఇక్కడ తట్టే మొదటి పేరు టీబీయే.

ఒక మాట కటువుగా అనక తప్పదు. నీరసానికీ కడుపుబ్బరానికీ చర్మం దురదకీ ‘కాండిడా యాంటీబాడీల ప్యాకేజీ’ చేయించుకోమని ప్రచారం చేసేవాళ్లున్నారు. కాండిడా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామంది నోట్లోనూ పేగుల్లోనూ కాపురం ఉంటుంది. దాని మీద యాంటీబాడీలు ఉండటంలో విశేషం లేదు. అవి కనపడ్డాయని నెలల తరబడి మందులు మింగించడం రోగి భయాన్ని అమ్ముకోవడమే. ఒకవైపు అవసరమైనవాళ్లకు ఈ పరీక్ష పేరే చేరదు, ఇంకోవైపు అక్కర్లేనివాళ్లకు రాయితీ ధర అంటూ అంటగడతారు.

బాబాయి అంకె గీతకు చాలా పైన వచ్చింది. డాక్టరు అంకె చూసి వెంటనే ఏమీ అనలేదు. సీటీ మళ్లీ తీసి పెట్టుకుని, కళ్లె పరీక్షల కాగితాలు పక్కన పరిచి, దగ్గు ఎన్ని నెలల నుంచి, బరువు ఎంత తగ్గిందీ అన్నీ మళ్లీ మొదటినుంచి అడిగారు. బొమ్మా, రక్తమూ, మూడు నెలలు దాటిన లక్షణాలూ ఒకే దిక్కు చూపించాక, టీబీ లేదని రూఢి చేసుకున్నాక అప్పుడు చెప్పారు. ‘పెద్దాయనా, మీది టీబీ కాదు. బూజు. మందుంది. కానీ నిదానంగా పని చేస్తుంది.’

మందు ఇట్రాకొనజోల్, కనీసం ఆరు నెలలు. క్యాప్సూలు అన్నం తిన్నాకే వేసుకోవాలి, గ్యాస్ మాత్రలతో కలిపితే ఒంటబట్టదు. నేను అందరికీ చెప్పాలనుకున్న అసలు సంగతి డాక్టరు ఆ తర్వాత చెప్పింది. టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్ ఒంట్లో ఉంటే ఇట్రాకొనజోల్ రక్తంలో నిలవదు, కాలేయం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. అంటే దేనికైనా మంచిదని రెండు జబ్బులకూ ఒకేసారి మందులు రాసి పెట్టే వీలు లేదు. ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆధారం లేకుండా మొదలుపెట్టిన టీబీ కోర్సు ఊరికే పోయే కోర్సు కాదు, అసలు మందుకి దారి మూసే కోర్సు. అందుకే టీబీ ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ దగ్గు, నెత్తురు మొదలై, కళ్లెలో క్రిమి కనపడనప్పుడు, రెండో కోర్సు మొదలుపెట్టే ముందు ‘ఫంగస్ యాంటీబాడీలు చూద్దామా సార్?’ అని అడిగే హక్కు ఇంట్లోవాళ్లకు ఉంది. అడగాలి. మర్యాదగా, కానీ జవాబు వచ్చేదాకా అడగాలి.

కోర్సు సగంలో మళ్లీ రక్తం ఇచ్చాం. అంకె కొంచెమే దిగింది. నేను డీలా పడ్డాను. డాక్టరు మాత్రం బరువు తూచే యంత్రం ఎక్కించారు, ముల్లు ముందుకి జరిగింది. నెత్తురు పడి ఎన్నాళ్లయిందని అడిగారు. బాబాయి గుర్తుచేసుకోవడానికి తడుముకున్నాడు. ఈ యాంటీబాడీలు మెల్లగా తగ్గుతాయి, మనిషి కోలుకుంటున్నా కొందరిలో తగ్గనే తగ్గవు, అందుకని అంకె ఒక్కదాన్ని చూసి మందు ఆపడం కానీ పెంచడం కానీ చేయనన్నారు. తర్వాతి పరీక్ష కోర్సు పూర్తయ్యాక. పాత రిపోర్టు వెంట తెచ్చుకోమనీ, రక్తం మాత్రం మొదట ఇచ్చిన ల్యాబులోనే ఇవ్వమనీ చీటీ కింద రాసిచ్చారు. ల్యాబు మారితే పద్ధతి మారుతుంది, అప్పుడు రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు.